ఎలుక నెత్తి మీది టోపీ

నాకు ఫోన్‌లో రాయడం సరిగా రాదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి "స్వరూప లేదన్నా" అన్నాడు.

"యాడికి పోయింది?" అని అడిగాను.

వాడు ఏడుస్తుంటే అప్పుడు అర్థమైంది.

జ్వరమని బెంగళూరులో దవాఖానలో చేరింది. తగ్గి ఇంటికొస్తుందనే అనుకున్నాం.

స్వరూప నా తమ్ముని బిడ్డ. అక్కడ ల్యాబ్‌లో ఎలుకల మెదడు మీద పని చేసేది.

మా ఇంటామెకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. స్కానింగ్‌లో కదలకుండా పడుకోబెడితే ఏమీ కనపడదు. చేన్లో నడుస్తూ నడుస్తూ పడిపోతుంది.

"పండుకున్నప్పుడు కాదు పెద్దనాయనా, తిరుగుతున్నప్పుడే లోపల ఏమైతదో చూడాలె" అనేది స్వరూప.

అందుకే ఎలుక నెత్తి మీద పెట్టే చిన్న కెమెరా తయారు చేసేది. దాన్ని టోపీ అనేది. అది పెట్టుకుని ఎలుక తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది.

పల్లికాయ పీకే రోజుల్లో మా ఊరు పెద్దమందడికి వచ్చి, ఒకటి చూపించింది. పల్లికాయంత కూడా లేదు.

మా ఇంటామె దాన్ని అరచేతిలో పెట్టుకుని గట్టిగానే కోప్పడింది.

"ఎలుకెంతుంటదే? దాని నెత్తి మీద ఇంత బరువా? నీ నెత్తిన గంప పెట్టి చేను చుట్టూ తిప్పితే తెలుస్తది."

"అందుకే తేలిక చేస్తున్నం పెద్దమ్మా. ఇంతకుముందుది పెడితే తల వంచుకొని మూలకు కూసునేది."

"గంప ఎత్తనీకె ఎవరన్నా వస్తరు బిడ్డా. దించనీకె మనిషి లేకుంటేనే మెడ ఇరుగుతది. దానికి దించేదెవరు?"

స్వరూప నవ్వలేదు. "నేనే దించుత. చూసుడు అయిపోంగనే. వేరేటోళ్ల చేతికి ఇయ్య."

తర్వాత ఒక వీడియో పంపింది. టోపీతోనే ఎలుక వెనక కాళ్ల మీద లేచి, రెండు చేతులతో మొహం కడుక్కుంటోంది.

మా ఇంటామె అది ఎన్నిసార్లు చూసిందో. "బరువున్నదని మర్సింది చూడు" అనేది.

నిన్న సాయంత్రం ఊరికి తీసుకొచ్చారు. మట్టికి పోయి వచ్చాం.

మా ఇంటామె ఏడవలేదు. తన ఫిట్స్ ఊసెత్తలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ పిల్ల దవాఖానకు పోయేటప్పుడు ఎలుక టోపీ దించిందో లేదో?"

నాకు తెలియదు.

పోయిరా బిడ్డా. నెమ్మదిగా నిద్రపో.

స్వరూపతో పని చేసిన పిల్లలు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట రాయండి. టోపీ దించారా?

మా ఇంటామె ఫోన్ పక్కనే కూర్చుంది. జర జల్దీ.