చుంచులకు తెలిసిన వంటగది

ఎనక్ ఆక్స్‌టబీకి డెబ్బై ఒకటి. ఇంగ్లండులోని యార్క్‌షైర్ పొలాల్లో చుంచులు పట్టడం ఆయన వృత్తి. నేల కింద సొరంగాలు తవ్వి, పచ్చిక మీదికి మట్టి కుప్పలు నెట్టే ఆ నల్లటి జీవాలంటే రైతులకు ఒళ్లు మంట. పట్టినవాటిని ఎనక్ ముళ్లకంచెకు వరసగా వేలాడదీస్తే, రైతు వచ్చి చూసి తృప్తిగా తలూపేవాడు.

రైతు స్టాథర్ గారి మఠం పొలంలో మఠమంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒక మొండిగోడ, దాని దిగువన మూడు పల్లాలు. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసులు చేపలు పెంచుకున్న చెరువులవి. ఇప్పుడు వాటిలో గొర్రెలు పడుకుంటున్నాయి.

ఆ వసంతంలో బ్రాన్వెన్ అనే పురావస్తు పరిశోధకురాలు జల్లెడతో దిగింది.

"తాతగారూ, ఈ పొలంలో చుంచుల్ని పట్టకండి."

"మరేం పట్టమంటావమ్మాయ్, జలుబా?"

"ఇది రక్షిత స్థలం, ఇక్కడ మనిషి పార దించితే చట్టం ఒప్పుకోదు. చుంచుకి చట్టం లేదుగా. అవి పైకి నెట్టిన మట్టిని నేను జల్లించుకుంటా."

సంగతి విని ఎనక్ భార్య మేవిస్ పళ్లెంలో బఠానీలు వడ్డిస్తూ, "నలభై ఏళ్లు చంపి ఇప్పుడు కాపలా కాస్తావన్నమాట. రేపు వాటికి టీ కూడా పట్టుకెళ్లు" అంది.

మూడు వారాలు జల్లించినా బ్రాన్వెన్‌కి నాలుగు పెంకులు తప్ప ఏమీ దొరకలేదు. మొండిగోడ మీద కూర్చుని చూస్తున్న ఎనక్ ఉండబట్టలేక దిగొచ్చాడు.

"ఏం వెతుకుతున్నావ్?"

"వంటగది. కనీసం గోడలు ఎటు పోయాయో తెలిస్తే చాలు."

ఎనక్ గడ్డం గీరుకున్నాడు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఆ ముళ్లపొద దాకా ఒక్క కుప్ప లేచి ఎరగను. ఇక్కడికొచ్చి పక్కకి తిరిగిపోతాయి వెధవలు. వాటికి పొగరనుకున్నా ఇన్నాళ్లూ. కింద గోడ అడ్డమొస్తోందన్నమాట."

ఆయన మడమ ఈడుస్తూ నడిచాడు. వెనకాలే ఆమె జెండాలు గుచ్చింది. మధ్యాహ్నానికి పచ్చిక మీద గదులు తేలాయి. చెరువు పక్కనున్న చిన్న గదిలో కొత్తగా లేచిన కుప్పను జల్లిస్తే బూడిద, చేప ముళ్లు.

సాయంత్రం స్టాథర్ వచ్చాడు. "పొలం నిండా ఈ కుప్పలేంటి, ఎనక్?"

"కాస్త వెనక్కి జరగండి. పొయ్యి మీద నిలబడ్డారు."

స్టాథర్ గబుక్కున జరిగాడు. తర్వాత తన పొలంలో తనెందుకు జరగాలో అర్థంకాక ఎర్రబడ్డాడు.

ఎనక్ మిగతా పొలాల్లో ఉచ్చులు పెడుతూనే ఉన్నాడు. మఠం పొలం జోలికి మాత్రం పోలేదు. శరదృతువులో పరిశోధన నివేదిక వచ్చింది. ఎనక్ పేరు పక్కన 'స్థానిక నిపుణుడు' అని ఉంది. మేవిస్ రెండుసార్లు చదివింది.

"నిపుణుడు గారూ, ఆ బూట్లు బయట విప్పి రండి."