తొంభై మూడు లక్షల మైళ్ళు

డెబ్బైల చివర నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ చేశాను. ఆఖరి పరీక్షలో బడికి పోయి, పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. వెనక బెంచీలో పరీక్షాధికారి కూర్చుంటాడు. నాకు పడిన పాఠం సూర్యుడి దూరం. తప్పితే ఏడాది పోతుంది.

చార్టు మా నాయన రాసిచ్చాడు. ఆయన ఆళ్ళగడ్డలో ప్రైమరీ బడి అయ్యవారు. రోడ్డు పక్క రాళ్ళ మీద మైళ్ళు పోయి కిలోమీటర్లొచ్చి ఎన్నేళ్ళయినా ఆయన నోట మైలే. తన పాత ఇంగ్లీషు పుస్తకంలో సూర్యుడు తొంభై మూడు మిలియన్ మైళ్ళని ఉంది. దాన్ని తొంభై మూడు లక్షలు చేసి, అయిదు మైళ్ళకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున లెక్క కట్టి, తొంభై మూడు లక్షల మైళ్ళు, అంటే సుమారు కోటీ నలభై తొమ్మిది లక్షల కిలోమీటర్లని నల్ల ఇంకుతో ముత్యాల్లాంటి అక్షరాలు దించాడు.

"మిలియన్ అంటే లక్షేనా నాయనా?" అని అడిగాను.

"ముప్పై ఏండ్ల నుంచి చెప్తాండా. నువ్వు నాకు చెప్పేదేంది?"

చార్టు చుట్టి పెట్టుకున్నాను. ఆయన ముందర ఎవరైనా అంతే.

పరీక్ష రోజు పొద్దున బస్సులో చార్టు ఒళ్ళో పెట్టుకుని పాఠం నెమరేసుకుంటున్నాను. వెలుతురు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుడి నుంచి మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైన పడుతుంది. ఊరికే సరిచూద్దామని నాయన రాసిన కిలోమీటర్లను మూడు లక్షలతో భాగించాను. యాభై సెకన్లు కూడా రాలేదు. మళ్ళీ చేశాను. అంతే. మిలియన్ అంటే పది లక్షలు. నాయన ఒక సున్నా మింగేశాడు.

దిద్దితే కొట్టివేత వెనక బెంచీ దాకా కనబడుతుంది. దిద్దకపోతే నా పని అయిపోయినట్టే. నంద్యాల వచ్చేదాకా ప్రభువును పిలుస్తూనే ఉన్నాను.

చార్టు తగిలించాను. వెలుతురు వేగం, అది మనదాకా వచ్చే నిమిషాలు బోర్డు మీద రాశాను. ఆ భయంలో ఎట్లా తోచిందో, "ఇందులో ఒక తప్పుంది. వెలుతురు లెక్కతో పట్టుకోండి" అన్నాను పిల్లలతో. అందరూ నోటుపుస్తకాల్లో భాగించారు. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, "ఒక సున్నా తక్కువుంది టీచర్" అంది.

గంట కొట్టాక పరీక్షాధికారి దగ్గరికొచ్చాడు. "కావాలని తప్పు రాసుకొచ్చి పిల్లల చేత పట్టించడం మంచి పద్ధతి. ఎవరి ఆలోచన?"

"మా నాయనది సార్." అబద్ధమే చెప్పాను.

సాయంత్రం ఇంటికొస్తే నాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "ఏమన్నాడు మ్మా?"

నిజం చెప్పాలనే వచ్చాను. ఆ మొహం చూశాక మాట మార్చాను. "నీ చార్టు మెచ్చుకున్నాడు నాయనా" అన్నాను.

మర్నాడే ఆయన దాన్ని తీసుకుపోయి తన తరగతి గోడకు మేకులు కొట్టి పెట్టాడు. రిటైరయ్యేదాకా అక్కడ కూర్చున్న పిల్లలందరూ తొంభై మూడు లక్షల మైళ్ళని వల్లె వేశారు. బడి పక్కగా పోయినప్పుడల్లా ఆ గొంతులు వినబడేవి. అప్పటికి నేనూ టీచర్నే. లోపలికి పోయి ఆపే ధైర్యం ఏనాడూ రాలేదు. గబగబా నడిచి దాటిపోయేదాన్ని.