ఆయుధపూజ నాడు ఆగిపోయిన ఆట

మొన్న బుధవారం మా మేనకోడలు నా ఫోనుకు ఒక వీడియో పంపింది, నువ్వూ అమ్మా ఆడిన దిక్కుమాలిన ఆట ఇదేనా అత్తా అని కింద ఒక ముక్క రాసి. చూద్దును కదా, అదే ఆట. టోపీ పెట్టుకున్న అదే పొట్టి మనిషి, చేతిలో అదే లాంతరు, అదే బూడిదరంగు గుహ. ఎవరో గడ్డం మనిషి తెరకు ఓ మూల కూర్చుని, గుక్క తిప్పుకోకుండా వాగుతూ, పావుగంటలో ఆట మొత్తం ముగించి, చివర చప్పట్లు కూడా తనే కొట్టుకున్నాడు. నెల పైగా మా ఇద్దరి ప్రాణాలు తోడేసిన రాతి తలుపు ముందు అతను చేసిందల్లా, ఏ మీటా నొక్కకుండా రెండు నిమిషాలు ఊరుకోవడం. తలుపు దానంతటదే పక్కకు జరిగింది. ఇదొక ఆటా, దీన్ని తయారుచేసిన వాడొక మనిషా అని ఫోనును సోఫా మీదికి గిరాటేశాను.

రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని అందరూ హడలిపోతున్న రోజులు మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, చిలకలగూడలో క్వార్టర్సు. అమ్మ బడిపంతులమ్మ, సాయంత్రం దాకా రాదు. అన్నయ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ తేదీల మరమ్మతులో మునిగిపోయి, స్నానానికి వచ్చి వెళ్లే చుట్టంలా ఉండేవాడు. నేను డిగ్రీ కాగానే, ఊరంతా పోయినట్టే, అమీర్‌పేటకు కంప్యూటర్ కోర్సుకని పోయి, అది అయ్యాక స్నేహితురాళ్లతో సికింద్రాబాద్ బజార్లన్నీ తిరిగి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. విజయనగరం నుంచి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాని వదిన పగలంతా ఆ ఇంట్లో ఒక్కతే ఉండేదని నాకు తెలుసు. తెలిసి ఏం చేశాను అంటే, ఏమీ చేయలేదు.

ఆ టీవీ గేమ్ అన్నయ్య సరదాపడి స్టేషన్ దగ్గరి బజారులో కొన్నది, వారానికే మరిచిపోయినదీను. చూడ్డానికి అచ్చం కంప్యూటర్ కీబోర్డులా ఉండేది, పైన క్యాసెట్టు పెట్టే గాడి, పక్కన వైర్లతో రెండు రిమోట్లు. క్యాసెట్టు మీద వెయ్యి ఆటలని అచ్చేసుకున్నారు గానీ పేర్లు మార్చి మార్చి తిప్పినవి పదకొండే ఆటలు. ఆగిపోతే ఎలాగని అన్నయ్య అడిగితే, "క్యాసెట్టు తీసి జెర ఊది పెట్టున్రి, నడుస్తది" అన్నాడట దుకాణం ఆయన. ఊదీ ఊదీ మా దవడలు పీకేవి. ముసురు పట్టి బస్సులు తిరగని ఒకరోజు, ఏమీ తోచక నేనూ వదినా ఆ పదకొండో ఆట పెట్టాం.

అంత కుళ్లుబుద్ధి ఆటను నేను మళ్లీ చూడలేదు. ఎలా ఆడాలో చెప్పే కాగితం లేదు, తెర మీద వచ్చే అక్షరాలు ఏ దేశానివో తెలియదు. మెట్టనుకుని కాలు పెడితే అది మెట్టు కాదు. రొట్టె కనబడింది కదా అని తింటే విషం, చావు. మూడు ప్రాణాలూ పోతే ఎంత దూరం వచ్చినా మళ్లీ మొదటి గుహే. చీదర పుట్టి రిమోటు విసిరేసేదాన్ని, పది నిమిషాలకు మళ్లీ నేనే తీసేదాన్ని. మూడో గుహ దాటిన నాడు, గట్టిగా మాట్లాడ్డమే ఎరగని వదిన నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసింది. ఆవిడకు ఈల వచ్చని మా అన్నయ్యకు ఇప్పటికీ తెలియదు. నా కోర్సు నోటుబుక్కులో ముందువైపు ప్రోగ్రాములు, వెనకవైపు గుహల పటాలు. బజార్లు మానేసి, క్లాసు కాగానే దొరికిన బస్సెక్కి ఇంటికి పరుగెత్తేదాన్ని.

అయిదో గుహ చివర ఆ రాతి తలుపు. గుద్దాం, ఎగిరాం, లాంతరు ఆర్పి వెలిగించాం, రెండు రిమోట్లూ కలిపి నొక్కాం. కదలలేదు. అప్పటికి వదినకు ఏడో నెల, దసరా మర్నాడు పురిటికి పుట్టింటి ప్రయాణం. రైలెక్కే లోపల ఆ తలుపు తీసి తీరాలని పట్టుబట్టాను. ఆపితే మొదటికొస్తుంది కనుక ఆట ఆపడమే మానేసి, లేచినప్పుడల్లా పాజ్ మీట నొక్కి వదిలేసేవాళ్లం. టీవీలో నాన్న వార్తలు చూస్తుంటే, వెనక ఆ పెట్టె నాలుగు రోజులుగా నడుస్తూనే ఉంది. దాని అడాప్టరు పెనంలా కాలిపోతుంటే కింద స్టీలు పళ్లెం పెట్టాం.

ఇదేమిటని నాన్న అడిగినప్పుడు, కోర్సుకు ప్రాక్టీసు చేసే కంప్యూటరని చెప్పాను. కీబోర్డు కళ్లెదుట కనబడుతోంది, నమ్మారు. నమ్మి, వర్క్‌షాపులో నలుగురికీ చెప్పుకున్నారు. ఆయుధపూజ నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి, స్కూటరు రెంచీలకూ మిక్సీకీ నడుమ పీట మీద మా టీవీ గేమ్ ఉంది. వైరు పీకి, తడిగుడ్డతో తుడిచి, గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచారు నాన్న. "నీకు అన్నం పెట్టేది ఇదేనమ్మా, ఇవాళ దీన్ని ముట్టుకోకు," అన్నారు. అబద్ధం ఆడింది నేనే, ఎవరి మీద అరవను? వదిన మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. నాకు ఆవిడంటే అసహ్యం వేసి, రైలెక్కించే దాకా మాట్లాడలేదు. పిల్ల పుట్టి తిరిగొచ్చేసరికి నాకు ఉద్యోగం, ఆ పెట్టె అటక మీదికి.

వీడియో చూపిద్దామని ఆ సాయంత్రమే లోకల్ రైల్లో మల్కాజ్‌గిరిలో అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. వదిన చిక్కుళ్లు ఈనెలు తీస్తూ ఓ కన్నేసి చూసింది, ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మాయ్. ఆ దసరాకి రెండు వారాలుందనగా, నువ్వు క్లాసుకెళ్లినప్పుడు, పాజ్ నొక్కడం మరిచి కుక్కరు దించొచ్చేసరికి తలుపు తెరుచుకునుంది. మనిషిని వెనక్కి తెచ్చేశాను, మూసుకుపోయింది."

అంటే దసరాకు పదిహేను రోజుల ముందే. ఆ పదిహేను రోజులూ నాతో పాటు కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఆ తలుపును గుద్దింది. ఇన్నేళ్లు నన్ను వెర్రిదాన్ని చేశావని కోపం ఆపుకోలేక అడిగేశాను.

"చెప్పేస్తే మళ్లీ బజార్లమ్మట పోదువు. ఆ ఇంట్లో పగలు నాకెవరున్నారేటి?"

ఈనెలు తీయడం ఆపలేదు. ఇప్పుడు తెలియనిదంటూ ఏదీ మిగల్లేదు, ఏ తలుపు ఎలా తీయాలో ఫోనులో ఎవడో ఒకడు వాగుతూనే ఉంటాడు, ఇంకొకరి పక్కన కూర్చుని తల పగలగొట్టుకోనక్కర్లేదు. వదిన ఇల్లు నాకు నాలుగు స్టేషన్ల దూరం, నేను వెళ్లేది ఏడాదికి రెండుసార్లు. అన్నయ్య ఇప్పటికీ ఆఫీసు నుంచి పొద్దుపోయాకే వస్తాడు. ఆ ఆటంటే రోత అని ఇంతసేపూ తిట్టిపోశాను గానీ, అసలు రోత నా మీద నాకే. ఆ మాట విన్న తరువాత కూడా, అలవాటు చొప్పున గోడ గడియారం చూసి, నా రైలుకు వేళవుతోందని నేనే లేచాను.