దొర దుమ్ము మిషన్‌కు పోచన్న తోలు

ఎల్లారెడ్డి మాదిగవాడలో పోచన్న అంటే తోలుపని, పోచన్న అంటే నోరు. మోట బొక్కెన కుట్టినా, కమ్మరి కొలిమికి తిత్తి కుట్టినా, సగం పని చేతితో, సగం నోటితో చేసేవాడు. "నా తిత్తి ఊదితే ఇనుము గూడ భయపడి కరుగుతది" అని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకునేవాడు. అంత నోరున్న మనిషీ దొర ఉండే గడి ముందుకు పోతే మాత్రం చెప్పులు చేతిలో పట్టుకొని తల వంచుకునేవాడు. ఆ కాలంలో అది ఊరందరికీ ఉన్న జబ్బే.

ఆయన భార్య హన్మవ్వ గడిలో వెట్టి చేసేది. లోపలి పనివాళ్లు హాలులోని తివాచీలను గడప దాటించి పడేస్తే, వాటిని వాకిట్లోకి ఈడ్చి, కర్రతో కొట్టి దులపడం ఆమె వంతు. గడప లోపల అడుగు పెట్టే భాగ్యం ఆమెకు లేదు గానీ, గడప లోపలి దుమ్మంతా ఆమె ఛాతీలోకే పోయేది. ఆ దుమ్ముకు పట్టిన దగ్గు ఎన్ని కషాయాలు తాగినా వదలలేదు. పోచన్నకు లోకంలో ఉన్న దిగులల్లా అదొక్కటే.

రైలు పని మీద కామారెడ్డిలో మకాం పెట్టిన ఒక ఇంగ్లీషు సాహెబు తన దేశం పోతూ సామాను హర్రాజు పెడితే, దొర పోయి ఒక పాత దుమ్ము మిషన్ పాడుకొని వచ్చాడు. కరెంటు లేని ఊళ్ల కోసం చేసిన చేతిపిడి మిషన్ అది. పిడి ఆడిస్తే లోపలి తోలుతిత్తి సాగుతూ ముడుచుకుంటూ, గొట్టం గుండా దుమ్మును పీల్చి సంచిలో వేసుకోవాలి. బండి కుదుపులకు చెడిందో, సాహెబు ఇంట్లోనే చచ్చిందో గానీ, ఎంత ఆడించినా ఒక్క ఈకనైనా పీల్చలేదు. అయినా దొర దాన్ని హాలు నడుమ పీట మీద పెట్టించి వచ్చినవాళ్లకల్లా చూపించాడు. ఒకనాడు ఎవరో చుట్టం "జర నడిపించి చూపరాదూ?" అనేసరికి పోచన్నకు కబురు పోయింది.

మిషన్‌ను వాకిట్లోకి తెచ్చారు. పోచన్న దాని చుట్టూ తిరిగి, గొంతు సవరించుకొని, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నాడు.

"బాంచెన్ దొరా, ఇది నడిస్తే మా ఆడిదానికి తివాచీలు దులుపుడు మాఫీ చెయ్యుండ్రి."

దొర నవ్వాడు. "మిషన్ నడిస్తే ఇగ దాంతోని నాకేం పనిరా? మాఫీ పో!"

పోచన్నకు కాళ్లు భూమ్మీద ఆగలేదు. చుట్ట ముట్టించి, గొట్టంలోకి పొగ ఊది, అది ఎక్కడ బయటపడుతుందో చూశాడు. గొట్టానికి చిల్లు లేదు. సంచి గట్టిగానే ఉంది. పొగంతా తిత్తి మడతల్లోంచి లేచింది. "దొరికిండు దొంగ!" అని అరిచి, ఎండి పగిలిన పాత తోలు తీసేసి, మెత్తటి మేకతోలు కోసి, ఆముదం పట్టించి కుట్టాడు. తిత్తి నోటి దగ్గర గాలిని ఒక్క దిక్కే పోనిచ్చే తోలురెక్క ఒకటి ఉంటుంది. దాన్ని కొలిమితిత్తికి ఎట్లా పెడతాడో ఇక్కడా అట్లానే పెట్టాడు. తిత్తి అన్నాక ఊదాలి గదా! పీల్చే తిత్తిని ఆయన తాత కూడా చూసి ఉండడు.

దొర షేర్వానీ వేసుకొని వచ్చి గొట్టం ముందు వంగాడు. పోచన్న పిడి ఆడించాడు. ఇంకేముంది! సంచిలో ముక్కిపోయిన సాహెబు ఇంటి దుమ్మంతా బుస్సుమని దొర మీసాల మీద దిగింది. దొర తుమ్మిన తుమ్ముకు వాకిట్లోవాళ్లంతా నవ్వు దాచుకోవడానికి గోడల దిక్కు తిరిగారు.

"బద్మాష్! నీ ఈపు చింతపండైతది!"

పోచన్న పిడి వదిలేసి వెనక్కి జరిగాడు. దూరంగా నిలబడ్డ హన్మవ్వే అందుకుంది.

"కొలిమి గాదయ్యా ఇది! ఊదుడు గాదు, గుంజుడు గావాలె. ఆ రెక్కను మర్లెయ్యి!"

పోచన్న రెక్కను తిప్పి కుట్టాడు. ఈసారి మిషన్ తివాచీ మీది దుమ్మంతా లాగి, దొర నోట్లోంచి జారిన వక్కముక్కను కూడా గుటుక్కున మింగింది. హన్మవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు చూసి పోచన్న కడుపు నిండిపోయింది.

"లోపలికి తీస్కపోండ్రి," అన్నాడు దొర.

గడప మీద దొరసాని అడ్డం నిలబడింది. "ఆ తోలు ఎవలు కుట్టిండ్రు?"

"పోచడు."

"పోచడు కుట్టిన తోలు నా ఇంట్లకా? మైల గాదూ!"

నిన్నటిదాకా అదే మిషన్ హాలులో దేవుడి పటాలకు ఎదురుగా కూర్చుంది. దాని పాత తోలు ఏ గొడ్డుదో, ఏ సీమలో ఎవడు కుట్టాడో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. సీమతోలుకు లేని మైల ఎల్లారెడ్డి మేకతోలుకు వచ్చిపడింది.

దొర పెద్దమనిషి గదా, తీర్పు చెప్పాడు. మిషన్ లోపలికి రాకూడదు కాబట్టి తివాచీలే బయటికి వస్తాయి. ఆ తోలును గడివాళ్లు ముట్టరు కాబట్టి పిడి పోచన్న ఆడించాలి. గొట్టం పట్టడానికి, తివాచీలు ఈడ్వడానికి హన్మవ్వ ఉండనే ఉంది.

"మాఫీ అంటిరి గద దొరా..."

"కర్రతోని కొట్టుడు మాఫీ జేసిన గదరా! ఇంకేం గావాలె?"

పోచన్న సూది, దారం మూట కట్టుకున్నాడు.

మర్నాడే కామారెడ్డి నుంచి చుట్టాలు దిగారు. దొర అరుగు మీద కుర్చీలు వేయించాడు. వాకిట్లో పోచన్న చెమటలు కక్కుతూ పిడి ఆడిస్తున్నాడు. హన్మవ్వ దగ్గుతూ, గొట్టం పట్టుకొని తివాచీ మీద పాకుతోంది.

"బిలాతి మిషన్," అన్నాడు దొర మీసం దువ్వుకుంటూ. "మనుషులతోని పనే లేదు."

చుట్టం వాకిట్లోకి తొంగిచూశాడు. "మరి ఈ ఇద్దరు?"

"వీండ్లా? మిషన్ ఎంట వచ్చిండ్రు."