వలీ భాయ్ నాలుగు రోజుల స్పెయిన్

కువైట్‌లో, ఫర్వానియాలో మా గదికి ఆరుగురం అద్దె కట్టేవాళ్లం. అందులో అయిదుగురికి బుద్ధి ఉండేది. ఆరోవాడు హుస్సేన్ వలి. 1990 ఆగస్టు దాకా ఈ మాట నేనే ఊరంతా చెప్పుకు తిరిగాను.

వలీది రాయచోటి. జహ్రాలో అబూ మిషారి అనే కువైటీ ఇంట్లో పదకొండేళ్లుగా డ్రైవరు. ఆయనే వలీకి కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. పడక ఆ ఇంటి వెనక గదిలోనే. అయినా ఇంటి డ్రైవర్లు చాలామందిలాగే, శుక్రవారం పూట మనవాళ్ల మధ్య కాసేపు కాళ్లు చాపుకోడానికి మా గదిలో ఒక మంచం పెట్టుకున్నాడు. నాది రాజోలు దగ్గర. పేరు వెంకటసత్యనారాయణ. షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోరుకీపర్ని. మిగతా నలుగురి పేర్లు మీకు అక్కర్లేదు. నేను నవ్వినప్పుడల్లా వాళ్లూ నవ్వేవాళ్లు, అంతకుమించి వాళ్లు చేసిందేమీ లేదు.

ప్రతి ఎండాకాలం అబూ మిషారి కుటుంబం స్పెయిన్ వెళ్లేది. వలీ వాళ్ల పెట్టెలు ఎయిర్‌పోర్టులో దింపేవాడు, రెండు నెలలయ్యాక మళ్లీ ఎక్కించుకొచ్చేవాడు. వాళ్ల పిల్లలు కారులో పడేసి పోయిన రంగుల కాగితాలూ, ఒక ఇంగ్లీషు గైడు పుస్తకమూ పారెయ్యకుండా దాచాడు. పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని ఏళ్ల తరబడి చదివాడు. తొంభైలో మార్చి నెల, ఒక శుక్రవారం భోజనాలయ్యాక ఆ కాగితాలన్నీ మంచం మీద పరిచి మాకు కబురు చెప్పాడు.

"డిసెంబర్లో స్పెయిన్ పోతాండా. నాలుగు దినాలు."

"మీ కఫీలు గారికి అక్కడ పెట్టెలు మోసేవాడు దొరకలేదేంటి వలీ భాయ్?" అన్నాన్నేను.

"వాళ్లతో కాదన్నా. నేనే పోతా. టూరిస్టు మాదిరి."

గది గదంతా పడి పడి నవ్వింది. రెండేళ్లకోసారి సెలవిచ్చి బొంబాయికి టికెట్టు కొనిచ్చే కఫీలు దొరికితేనే అదృష్టవంతుడనుకునే జాతి మాది. సెలవంటే ఇల్లు, ఇల్లంటే అప్పటికే కుట్టించి పెట్టుకున్న పెద్ద సంచి. ఆ సంచి లేకుండా విమానం ఎక్కొచ్చని మాకెవరికీ తోచలేదు.

అతని ప్లాను వినితీరాలి. ఎండాకాలం అందరూ పోతారు కాబట్టి చలికాలం పోవాలట, అప్పుడు గది అద్దె సగానికి పడిపోతుందట. నేరుగా పోయే విమానం వద్దు, మధ్యలో ఎక్కడో దిగి తొమ్మిది గంటలు కూచుని ఇంకోటి పట్టుకుంటే చవక. తొమ్మిది గంటలు ఎలా కూచుంటావయ్యా అంటే, "పదకొండేండ్ల నుంచీ బడి ముందర, మార్కెట్టు ముందర, ఆసుపత్రి ముందర కార్లో కూచోనే కదన్నా బతికింది" అన్నాడు. హోటలు వద్దు. రైలు స్టేషను వెనకాల పాత ఇళ్లలో పై అంతస్తులు అద్దెకిస్తారు, స్నానాల గది వరండాలో ఉంటుంది, ఎన్ని మెట్లెక్కితే అంత తగ్గిస్తారు. మాడ్రిడ్‌లో రెండు రోజులు, అక్కణ్ణించి బస్సులో గ్రనాడా. పెద్ద మ్యూజియంలోకి ఊరికే వదిలే పూట ఏదో కనుక్కుని ఎర్ర పెన్సిలుతో గీత కూడా పెట్టాడు. తిండికి బంగాళాదుంప ఆమ్లెట్టు, రొట్టె. "ఆలుగడ్డ, కోడిగుడ్డు. దాంట్లో హరాం యాడుండాది?" అని మమ్మల్నే అడిగాడు. చలికి అబూ మిషారి పారేసిన కోటు ఒకటి ఉంది. అది తొడుక్కుని చూపించాడు. వలీ కనపడలేదు, కోటు ఒక్కటే నిలబడి ఉంది.

"అన్నా, ఇద్దరమైతే గది ఇంకా చవక. నువ్వు గూడా రా" అన్నాడు నాతో.

"స్పెయిన్‌లో మనకేం పనండీ?" అన్నాను.

"పని లేదు గాబట్టే పోవాల. యల్లా వలీ, యల్లా వలీ అని వినీ వినీ చెవులు కాయలు గాచినాయి. నాలుగు దినాలు నన్నెవురూ పిలవని ఊర్లో నడవాలని ఉండాది."

అది విని నేను ఇంకా గట్టిగా నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే ఆ నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే కోపం వస్తోంది.

వీసాకి ఫొటోలు కావాలని ఫర్వానియాలో స్టూడియోకి పోయి, స్టూడియో వాడి కోటూ టై తగిలించుకుని ఎనిమిది కాపీలు తీయించుకున్నాడు. ఇక మిగిలింది పాస్‌పోర్టు. కువైట్‌లో మా పాస్‌పోర్టు మా దగ్గరుండదు. కంపెనీవాళ్లవి కంపెనీ బీరువాలో, ఇంట్లో పనిచేసేవాళ్లవి కఫీలు సొరుగులో. మా జేబులో ఉండేది ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డొక్కటే. అడిగితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ అడగరు.

వలీ మాత్రం అడిగాడు. అడిగినవాడు తన చేతికిమ్మని అడగొచ్చు కదా? అదీ లేదు. జులైలో కఫీలు స్పెయిన్‌కి పెట్టెలు సర్దుకుంటుంటే వెళ్లి, "బాబా, ఎట్లా అక్కడికే పోతాండావు, నా పాస్‌పోర్టు కూడా తీసుకపో, నీకు తెలిసినోళ్లతో వీసా కొట్టించుకోని రా" అన్నాడట. అబూ మిషారి పెద్దగా నవ్వి, దాన్ని తన సంచిలో వేసుకున్నాడట. ఈ ఘనకార్యం చెప్పడానికి వలీ శుక్రవారం దాకా కూడా ఆగలేదు.

"ఓరి నీ తెలివి సంతకెళ్లా! ఏ దేశం వీసా అయినా ఆ దేశం వెళ్లక ముందు తీసుకుంటారయ్యా. వెళ్లాక అక్కడ కొట్టించుకునేదేంటి?"

"పెద్దోళ్లకు అన్నీ అయితాయన్నా."

ఆ తర్వాత మూడు వారాలు మా గదిలో వేరే కాలక్షేపం అవసరం లేకపోయింది. వలీ భాయ్ పాస్‌పోర్టు ఈ పాటికి ఆమ్లెట్టు తింటోందని ఒకరంటే, మ్యూజియంలోకి ఊరికే వదిలారా అని ఇంకొకరు. వలీ కూడా మాతో పాటే నవ్వేవాడు.

ఆగస్టు రెండు, గురువారం. తెల్లారేసరికి రోడ్డు మీద ఇరాకీ ట్యాంకులు. కఫీలు కుటుంబం ఊళ్లో లేదు కాబట్టి వలీ ఆ వారమంతా మా గదిలోనే ఉన్నాడు. నేను కిటికీలోంచి ఒక్కసారి తొంగి చూసి వచ్చి మంచం మీద కూలబడ్డాను. భయపడ్డాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

రెండు వారాలు గడిచేసరికి అందరిదీ ఒకటే మాట, ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కణ్ణించి బొంబాయికి విమానాలు వేస్తున్నారు. దానికి పాస్‌పోర్టు కావాలి. మా మేనేజరు సౌదీకి పారిపోతూ కంపెనీ బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి పోయాడు. నాదీ, తోటివాళ్లవీ తెచ్చుకున్నాం. మా బిల్డింగులో మిగతావాళ్లవీ ఎలాగోలా బయటపడ్డాయి. ఒక కఫీలు పంచిపెట్టాడు, ఇంకొకాయన ఇంటి సొరుగు పనిమనుషులే బద్దలు కొట్టారు. బద్దలు కొట్టినా ప్రయోజనం లేనిది ఒక్క వలీ కఫీలు సొరుగే.

పాస్‌పోర్టు లేనివాణ్ని సరిహద్దులో దించి ఎడారిలో వదిలేస్తున్నారని పుకారు. వలీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఊళ్లో భార్య కుల్సుమ్ బీ ఎట్లా ఉందో, తాను బతికున్నట్టు ఆమెకి ఎవరు చెబుతారో అని ఒకటే గొణుగుడు. అంత బాధలోనూ నేను, "స్పెయిన్ నుంచి రప్పించమంటావా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పాస్‌పోర్టు లేనివాళ్లకు మన ప్రభుత్వం తరఫున కాగితం రాసిస్తున్నారని తెలిసి, ఒక బడి ఆవరణలో లైను కట్టాం. బల్ల వెనకాల ఒక అధికారి ఉన్నాడు. పాపం, ఎన్ని రాత్రులై నిద్ర లేదో.

"పాస్‌పోర్టు ఎక్కడ?" అన్నాడు హిందీలో.

"స్పెయిన్‌లో ఉండాది సాబ్."

ఆయన కలం ఆగింది. "నువ్వు స్పెయిన్ ఎందుకెళ్లావ్?"

"నేను పోలేదు సాబ్. అదొక్కటే పోయింది."

లైనంతా తిరిగి చూసింది. ఆయన తిట్టబోయి, వలీ ముఖం చూసి ఊరుకున్నాడు. "సరే, ఫొటో ఉందా?" అన్నాడు. ఆ మాటకి మా ముందువాళ్లు పదిమంది అప్పటికే వెనక్కి పోయారు. ఊళ్లో స్టూడియోలన్నీ మూసేశారు, ఫొటో ఎక్కణ్ణించి వస్తుంది? వలీ చొక్కా జేబులోంచి కవరు తీసి ఎనిమిది ఫొటోలూ బల్ల మీద పేర్చాడు. కోటు, టై, నున్నగా దువ్విన తల. శరణార్థి కాగితం మీద పెళ్లికొడుకు ఫొటో అంటించారు.

సెప్టెంబరు మొదట్లో బస్సెక్కాం. నాలుగు రోజుల స్పెయిన్‌కి ఆర్నెల్లు ప్లాను వేసిన మనిషికి ఎడారి దాటడం ఒక లెక్కా? ఎండబెట్టిన రొట్టెలు, పుట్నాల పొడి, ఖర్జూరాలు, మనిషికి రెండు డబ్బాల నీళ్లు. మధ్యాహ్నం ఎండ ఎడంపక్క కొడుతుందని అందరికంటే ముందే ఎక్కి మాకు కుడిపక్క సీట్లు పట్టాడు. పాస్‌పోర్టు ఉన్న మా అయిదుగురం, పాస్‌పోర్టు లేనివాడు చెప్పినట్టల్లా తిన్నాం, తాగాం, పడుకున్నాం. జోర్డాన్ సరిహద్దులో నా ఇఖామా గడువు దాటిందని రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. వలీ కాగితం మీద టై చూసి "ఇంజనీరా?" అని అడిగి పంపించేశారు. డేరాల్లో తొమ్మిది రోజులున్నాం. అతను తెచ్చిన నీళ్లే లేకపోతే మాలో ఒకరిద్దరు ఇల్లు చేరేవాళ్లు కాదు. ఈ మాట అతనితో ఇంతవరకూ అనలేదు.

మరుసటి ఏడు యుద్ధం ముగిశాక, కంపెనీ నన్ను మళ్లీ రమ్మంది. అబూ మిషారి వలీకి వీసాతో పాటు పాస్‌పోర్టు కూడా రిజిస్టరు పోస్టులో పంపాడు. బొంబాయి ఎయిర్‌పోర్టులో కలిస్తే, తెరిచి పేజీలన్నీ తిప్పి చూపించాడు. స్పెయిన్ ముద్ర ఒక్కటీ లేదు.

"నెలల తరబడి ఉండి ఏం చేసిందంట?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కువైట్‌లో దిగి బయటికి వస్తే తగలబడుతున్న చమురు బావుల పొగతో ఆకాశం ఇంకా మసిగానే ఉంది. మా కంపెనీ మందూబ్, అంటే కాగితాల పనులు చూసే మనిషి, చెయ్యి చాపాడు. అతను నోరు తెరవక ముందే నా పాస్‌పోర్టు ఆ చేతిలో పెట్టాను. అలవాటు. పక్కనే వలీ కోసం అబూ మిషారి స్వయంగా వచ్చాడు. కౌగలించుకున్నాడు, కుల్సుమ్ బీ ఎలా ఉందని అడిగాడు, అడుగుతూనే చెయ్యి చాపాడు.

వలీ పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు.

"బాబా, ఇది నా కాడనే ఉంటాది" అన్నాడు అరబ్బీలో.

ఇదే విమానంలో వెనక్కి తోలేస్తాడనుకున్నాను. అబూ మిషారి ముఖం ఎర్రబడింది. వలీని చూశాడు, నన్ను చూశాడు, మా మందూబ్ చేతిలోని పాస్‌పోర్టుల కట్టని చూశాడు. తర్వాత చెయ్యి విదిలించి, "ఖలాస్, ఉంచుకో" అని కారు తాళాలు వలీ చేతిలో పడేశాడు. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు.

తొంభై రెండు డిసెంబరులో వలీ స్పెయిన్ వెళ్లొచ్చాడు. నాలుగు రోజులూ వాన. ఎర్ర గీత పెట్టుకున్న పూటే మ్యూజియం మూసి ఉందట. గ్రనాడా బస్సులో దారి పొడవునా నిద్రపోయాడట. జలుబుతో తిరిగొచ్చాడు. నేను వారం రోజులు ఆడుకున్నాను.

"నవ్వు గానీ అన్నా, గదిలో రెండో మంచానికి దండగ్గా అద్దె కట్టినా" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "వచ్చే ఏడు నువ్వు రా. నీ పాస్‌పోర్టు అడిగి తెచ్చుకో. అడిగితే ఇస్తారు, చూసినావు గదా."

చూశాను. అందుకే ఒకరోజు అడుగుదామనే మెట్లెక్కి మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన తలెత్తి, "ఏం కావాలి?" అన్నాడు. స్టోరులో ట్యూబులైటు మార్చాలని చెప్పి దిగి వచ్చేశాను.