దారం కాలిన వాసన

మొన్న బెంగళూరు కుందలహళ్ళిలో మా వీధి చివరి బ్యూటీ పార్లర్‌కి వెళ్ళాను. పక్క కుర్చీలో ఒక పెళ్ళికూతురికి జుట్టు తిన్నగా సాగదీస్తున్నారు. ఆ మిషను కాస్త ఎక్కువ వేడెక్కినట్టుంది, ఉన్నట్టుండి వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంది. "అయ్యో, సారీ మేడం" అంటూ పనిపిల్ల కిటికీ తెరిచింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం పైకే అనేశాను, "అసలు పట్టు కాలితే ఇలాగే వాసన వేస్తుంది" అని. అద్దంలోంచి అందరూ నన్ను వింతగా చూశారు. ఇక అక్కడ కూర్చోవడం నా వల్ల కాలేదు. పని సగంలో ఉండగానే లేచి బయటికి వచ్చి, ఎండలో అటూ ఇటూ తిరిగాను. నాకు కాలు నిలవదని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఆ రోజు నన్ను నిలవనివ్వనిది మాత్రం రుక్మిణి మేడం జ్ఞాపకం.

ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. హెబ్బగోడిలో, ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలు చదువుకునే ఒక చిన్న బడిలో సైన్సు చెప్పేవారు. కోలారు వైపు తెలుగువాళ్ళు, ఎప్పుడో తాతల కాలంలో బెంగళూరులో స్థిరపడ్డారు. బక్కపలచటి మనిషి. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. తరగతిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉండేవారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద విసుగెత్తి, ఇంట్లోవాళ్ళ చేత నానా మాటలూ పడి, ఆ బడిలో కంప్యూటర్ టీచరుగా చేరాను. మాది తెనాలి. నా భాష విని ఆవిడ నవ్వేవారు, ఆవిడ భాష విని నేను నవ్వేదాన్ని.

చేరిన కొత్తలో ఏడో తరగతికి నేనొక పని తయారుచేశాను. పట్టు పరిశ్రమ గురించి ఇంటర్నెట్‌లో వెతికి ఖాళీలు నింపాలి. రంగుల పెట్టెలు, బొమ్మలు, లింకులు పెట్టి ముచ్చటగా తీర్చిదిద్దాను. మెచ్చుకుంటారని మేడంకి చూపించాను. ఆవిడ కంప్యూటర్ ముందు వాలిపోయి, బల్ల మీద తల వాల్చి, "నేను ఏడో క్లాసు మంజునాథ. ఆకలి అయితా ఉండాది. పక్కనోడు కాలు తొక్కతా ఉండాడు. ఇప్పుడు నీ పని ఇయ్యి" అన్నారు.

ఆటలాడుతున్నారనుకున్నాను. ఆవిడ నా ప్రశ్నను ఉన్నదున్నట్టు వెతికే పెట్టెలో కొట్టి, పైన వచ్చిన మొదటి ముక్కను ఎత్తి ఖాళీలో అతికించారు. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి అంతా అయిపోయింది. "ముగించినా మిస్. 'మల్బరీ ఆకులు తింటుంది' అని రాసినా. ఏది తింటుందో మాత్రం నాకు తెల్దు. మార్కులు ఎన్ని?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లలు మరీ అంత మొద్దులా మేడం?" అన్నాను.

"మొద్దులు కాదప్పా, తెలివైనోళ్ళు. తప్పించుకునే దారి ఉంటే తప్పించుకుంటారు. నువ్వయితే తప్పించుకోవా? ఒక్క నొక్కు నొక్కితే వచ్చే జవాబుకు పిలకాయలెందుకు? ఆ మిషన్నే అడుగు. వాళ్ళ బుర్రకు పని ఉండల్ల."

మళ్ళీ తయారుచేశాను. మళ్ళీ మేడంలోకి మంజునాథ వచ్చాడు. ఈసారి వాడికి నిద్ర వస్తోంది. ఇంకోసారి వాడి ఫోన్‌లో డేటా అయిపోయింది. ఎంత మార్చినా వాడు ఏదో సందులోంచి జారుకునేవాడు. చివరికి బస్‌స్టాప్‌లో నా ఓపిక నశించింది. "మా అమ్మ బీరువాలో ఉన్న చీర పట్టో కాదో నాకే తెలియదు మేడం! పిల్లలకి నేనేం చెప్పను, నా మొహం!" అని అరిచాను.

ఎక్కవలసిన బస్సు వచ్చి ముందు ఆగింది. ఆవిడ ఎక్కలేదు. నా భుజం పట్టుకుని, "అదే అప్పా ప్రశ్న! మన ఇంట్లో ఉండే చీర పట్టేనని ఎట్ల తెలుసు? దాన్ని ఏ మంజునాథ తప్పించుకుంటాడో చూస్తా" అన్నారు. బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరం అక్కడే నిలబడి పాఠం మొత్తం అల్లేశాం.

పిల్లల్ని ఇంటర్నెట్ మీదికి ఊరికే వదిలేయడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. ఒకదానితో ఒకటి పొసగని పేజీలు మేమే ఏరాం: చీరలమ్మే దుకాణం మాట ఒకటి, సైన్సు మాస్టారి వివరణ ఒకటి, వంటింట్లో దారం కాల్చి చూపించే గృహిణి వీడియో ఒకటి. తరగతిని కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, నేసేవాళ్ళుగా విడదీశాం. ప్రతి పేజీనీ ఒక మాట అడగాలి: ఇది చెప్పేవాడికి ఇందులో ఏం లాభం? అది తేల్చుకున్నాకే, పట్టును గుర్తుపట్టడానికి ఏ పరీక్షను నమ్మాలో వాళ్ళు నిర్ణయించుకోవాలి. ఆ పరీక్షను బడి ల్యాబులో చేసి చూడాలి.

పరీక్షకు దారాలు కావాలి కదా. ఒక ఆదివారం మెట్రో దిగి, చీరల దుకాణాలుండే చిక్కపేట సందుల్లో పడ్డాం. నెత్తిన మూటలతో హమాలీలు, అడ్డం వచ్చే తోపుడు బళ్ళు, "రండమ్మా, లోపల చూడండమ్మా" అని పిలిచే కుర్రాళ్ళు. మేడం ఒక్క చీరా చూడలేదు. కొంగులకు కుచ్చులు కట్టే ఆడవాళ్ళ దగ్గర చతికిలబడి, వాళ్ళు పారేసే పోగుల్లో ఇది అసలా, అది నకిలీనా అని అడిగి సంచీ నింపారు. నాకు కాళ్ళు పీకుతున్నాయి. ఆవిడేమో, "ఇంకొక్క సందు చూస్తామా?" అంటున్నారు.

ల్యాబులో ఆ రోజు గలాటా ఇంతా అంతా కాదు. కొవ్వొత్తులు, పట్టకార్లు, కాలిన వెంట్రుకల వాసన. అసలు పట్టు బూడిదై వేళ్ళ మధ్య నలిగిపోతుంది. నకిలీది కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు. పవిత్ర అనే అమ్మాయి మాత్రం చొక్కా జేబులోంచి ఎర్ర దారం పోగు తీసింది. మేము ఇచ్చినది కాదు. ఇంటి నుంచి తెచ్చుకుంది. వెలిగించింది. వెంట్రుకల వాసన రాలేదు. ప్లాస్టిక్ వాసన వచ్చింది, పట్టకారు కొసన నల్లటి పూస మిగిలింది.

"మిస్, ఇది మా అమ్మ పెండ్లి చీర" అంది పవిత్ర.

నేను గబగబా ఏదో సర్దిచెప్పబోయాను. మేడం నన్ను ఆపి, "ఒక్క పోగు చూస్తే చాలునా?" అని ఆ పిల్లనే అడిగారు. పవిత్ర ఆలోచించి, మర్నాడు కొంగు నుంచి ఒకటి, అంచు నుంచి ఒకటి తెచ్చింది. రెండూ కరిగాయి. ఆ పూసల్ని చార్టు మీద అతికించి, కింద కన్నడంలో గుండ్రటి అక్షరాలతో రాసింది: మా అమ్మ పెళ్ళి చీర, పట్టు కాదు. శనివారం తల్లిదండ్రులు చూడటానికి వస్తారు. అందరి చార్టుల్లోకీ అదే గొప్పదని నేను పొంగిపోయాను.

గురువారం మధ్యాహ్నం వాళ్ళమ్మ రత్నమ్మ వచ్చింది. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. కేకలేస్తుందని భయపడ్డాను. ఆమె నెమ్మదిగా కూర్చుంది.

"నాకు ముందే తెలుసు మిస్సు. మా తమ్ముని పెండ్లిలో టపాకాయ నిప్పు కొంగు మీద పడె. మైనం మాదిరి కరిగి అంటుకునె. ఆ పొద్దే అర్థమాయె. ఆ జాగా మడతలోకి దోపుకుని కట్టుకుంటా ఉండాను."

"ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"ఎవరికి చెప్పల్ల? ఆ చీర మా నాయన చిక్కపేటకు పోయి తెచ్చినాడు. అంగడాయన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాడంట, చీరలన్నీ పరిచి చూపించినాడంట. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా అదే కత. ఆయన మా దగ్గరే ఉండాడు. శనివారం మనవరాలి పని చూసేదానికి వస్తాడు." ఆమె మేడం వైపు తిరిగింది. "నా బిడ్డకు అడిగేది నేర్పించినారు. బాగుండాది మిస్సు. గమ్మునుండేది కూడా నేర్పించండి."

ఆమె వెళ్ళాక నేను కుదురుగా ఉండలేకపోయాను. నిజం నిజమే కదా, ఎందుకు దాచాలి అన్నాను. మరు నిమిషమే, వద్దు, చార్టు తీసేద్దాం, ఆ ముసలాయన ఏమైపోతాడు అన్నాను. మేడం కిటికీ దగ్గర నడుస్తున్నారు. "ఆ చార్టు నీది కాదు, నాది కాదు" అని, పవిత్రను పిలిపించారు.

"జవాబు కనుక్కున్నావు. బాగా కనుక్కున్నావు. అది ఎవరికి కావల్ల పాపా?"

"చెప్పకుంటే అబద్ధమా మిస్?" అంది పవిత్ర.

"నాకు తెల్దు పాపా" అన్నారు మేడం. పిల్లలు వెతుక్కోవాలని ఆవిడ తరగతిలో ఆ మాట రోజూ అనేవారు. ఆ రోజు మాత్రం నిజంగానే తెలియక అన్నారు. గొంతులోనే తెలిసిపోయింది.

శనివారం ముసలాయన తెల్ల చొక్కా వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఒక్కో చార్టూ కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. పవిత్ర చార్టు దగ్గరికి వచ్చేసరికి నేనూ దగ్గరికి వెళ్ళి చూశాను. పూసలు అలాగే ఉన్నాయి, 'పట్టు కాదు' అన్న మాట కూడా అలాగే ఉంది. 'మా అమ్మ పెళ్ళి చీర' అన్న చోట మాత్రం తెల్ల కాగితం అతికించి, 'ఒక ఇంటి చీర' అని రాసి ఉంది. రత్నమ్మ ఆయన వెనకే నిలబడింది.

ఆయన వంగి, నల్లటి పూసను బొటనవేలితో తడిమాడు. పక్కనే కాల్చని ఎర్ర పోగు ఒకటి అతికించి ఉంది. దాన్ని చూశాడు. "ఎవురిది పాపా ఈ చీర?"

"ఒకరింటిది తాతా. పేరు చెప్పకూడదు."

"మంచి పని చేసినావు" అన్నాడు. "తెచ్చిచ్చినోడు యాడనో ఉంటాడు కదా. ఆయప్పకు తెలియనీయకండి." తర్వాత కూతురి వైపు తిరిగి, "రేపు మనోళ్ళ పెండ్లికి నీ పెండ్లి చీరే కట్టుకుంటావు కదమ్మా?" అన్నాడు.

"కట్టుకుంటా నాయనా" అంది రత్నమ్మ.

ఈయనకు తెలుసా? ఎప్పటి నుంచి తెలుసు? నా నోరు తెరుచుకుంది. అడిగేసేదాన్నే. మేడం వెనక నుంచి నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా, నొప్పి పుట్టేలా. "గమ్మునుండు" అన్నారు చెవి దగ్గర. ప్రశ్న ఏదైనా వదలొద్దని నన్ను అన్నాళ్ళు పీడించిన మనిషి!

బస్‌స్టాప్‌లో అడగకుండా ఉండలేకపోయాను. "ఆయనకు తెలుసంటారా మేడం?"

"తెలుసుకోవాలని నాకూ ఉండాది" అన్నారు. కాలు నేల మీద ఆడిస్తూనే ఉన్నారు. "ఉండనీ."

మేడం ఇప్పుడు లేరు. ఆవిడ ఏమనుకున్నారో చివరి దాకా చెప్పలేదు. ఇప్పుడు నేను వేరే బళ్ళ టీచర్లకు ఇలాంటి పాఠాలు అల్లడం నేర్పుతున్నాను. పిల్లల చేతిలో ఫోన్ అడిగిందే తడవుగా జవాబు చెప్పేస్తోంది. మంజునాథకు ఇంత సుఖం ఎప్పుడూ లేదు. టీచర్లు తెచ్చిన ప్రతి పని ముందూ నేను బల్ల మీద తల వాల్చి, "మిస్, నాకు ఆకలేస్తోంది" అంటాను. వాళ్ళకు ఒళ్ళు మండుతుంది. వాడు తప్పించుకోలేని ప్రశ్న దొరికాక, దాని జవాబు ఎవరికి కావాలని అడుగుతాను. ఆ మాటకు వాళ్ళు ఇంకా విసుక్కుంటారు.

పార్లర్ నుంచి వచ్చిన రాత్రి కూడా అదే ప్రశ్న నన్ను మంచం మీద దొర్లించింది. ఆయనకు తెలుసా? ఇన్నేళ్ళయినా నా నోరు ముందే తెరుచుకుంటుంది, నేను మారలేదు. కాకపోతే ఇప్పుడు ఎవరింటి సంగతి అడగబోయినా, నా చెయ్యి దానంతట అదే వెళ్ళి రెండో చేతి మణికట్టును పట్టుకుంటుంది.