ఐసు షెడ్డులో మూడు రింగులు

2006లో నేను తెనాలిలో ఒక ఐసు, చేపల వ్యాపార సంస్థకు టెలిఫోన్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. హోదా పేరు పెద్దదే గాని, నా కింద ఒక్క మనిషి కూడా లేడు. తెనాలి ఐసు ఫ్యాక్టరీలో ఇంటర్‌కమ్ బోర్డు, బాపట్ల, రేపల్లె బ్రాంచి ఆఫీసుల్లో ఫోన్లు, వాటి తీగలు, ఇదీ నా శాఖ. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా పరికరాలతో పాటు వచ్చే ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన నిఘంటువు పెట్టుకుని చదువుకున్నదే. ఇది గొప్పకు చెప్పుకోవడం లేదు, ముందు ముందు దీనితో పని ఉంది.

బాపట్ల బ్రాంచి సూర్యలంక ఒడ్డున దిగే పడవలకు, రేపల్లె బ్రాంచి నిజాంపట్నం హార్బరు పడవలకు ఐసు అందించేవి. పడవల్లో సరుకు ఎంత వచ్చిందో చూసి, కావలసిన ఐసు సంగతి తెనాలికి తెలపాలి. ఇక్కడో చిక్కుంది. ఐసు దిమ్మలు పిండి చేసే క్రషర్ తిరుగుతుంటే షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదు. జేబులో మొబైలు మోగితే అసలే తెలియదు. అందుకని ఫోనుకు గోడ మీద ఒక పెద్ద బెల్లు తగిలించి రింగుల లెక్క పెట్టుకున్నాం. ఒక రింగు మోగి ఆగితే ఇవాళ ఐసు అక్కర్లేదని. రెండయితే మినీ వ్యాను. మూడయితే లారీ. ఎవరూ ఫోను ఎత్తరు. ఏళ్ళ తరబడి ఇలాగే నడిచింది, పొరపాటు రాలేదు.

ఆ ఏడాది ఆఫీసులకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఒక ప్రైవేటు కంపెనీ ఇంజినీరు వచ్చి మా యజమానికి ఇంటర్నెట్ ఫోను పెట్టెలు చూపించాడు. అప్పటి నిబంధనల ప్రకారం ఇంటర్నెట్ కాల్‌ను మామూలు టెలిఫోను లైన్లోకి కలపకూడదు. పెట్టెకూ పెట్టెకూ మధ్య మాట్లాడుకోవచ్చు. ఆ కంపెనీ పెట్టెతో ఆ కంపెనీ పెట్టె మాత్రమే మాట్లాడుతుంది. లోపల ఏం జరుగుతుందో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట నాకు అప్పుడే నచ్చలేదు. అయినా పరీక్ష చేసి సంతకం పెట్టింది నేనే. నంబరు నొక్కీ నొక్కగానే అవతల రింగవుతున్న చప్పుడు వినిపించింది. ఎంత వేగమో అని నలుగురిలో మెచ్చుకున్నాను కూడా. నా తప్పు అక్కడ మొదలైంది.

ఇప్పుడు మాట్లాడినా ఖర్చు లేదు. కానీ క్రషర్ హోరు అలాగే ఉంది గనుక మావాళ్ళు రింగుల పద్ధతి మానలేదు. పెద్ద బెల్లు తెచ్చి కొత్త పెట్టెకు తగిలించాను. తర్వాత రెండుసార్లు లారీ కావలసిన చోటికి వ్యాను వెళ్ళింది. లెక్క తప్పింది నువ్వంటే నువ్వని ఇటువాళ్ళూ అటువాళ్ళూ వేళాకోళమాడుకుని ఊరుకున్నారు.

మార్చి నెలలో ఒకరోజు నిజాంపట్నంలో పడవలు నిండుగా వచ్చాయి. రేపల్లె గుమాస్తా నాంచారయ్య పొద్దున్నే మూడు రింగులిచ్చి హార్బరుకు వెళ్ళిపోయాడు. లారీ రాలేదు. వ్యాను కూడా రాలేదు. ఎండెక్కింది. రొయ్యలు, చందువ చేపలు చాలావరకు పాడైపోయాయి. మర్నాడు హార్బరు నుంచి అంకమ్మ తెనాలి వచ్చింది. ఆమె భర్త, మరుదులు సముద్రంలోకి వెళితే ఒడ్డున అమ్మకం చూసుకునేది ఆమె. ఖాళీ తట్ట తెచ్చి మా యజమాని బల్ల ముందు బోర్లించి, “వాసన చూడండి బాబూ. మగాళ్ళు నాలుగు రోజులు నీళ్ళ మీద ఉండి తెచ్చింది ఇదేనండి” అంది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఫ్యాక్టరీలో రింగులు విని బండ్లు పంపేది మేస్త్రి మస్తాన్ వలీ. పద్దెనిమిదేళ్ళుగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. “ఒక్కటే మోగిందండి. నేనిక్కడే నిలబడి ఉన్నాను” అన్నాడు. నాంచారయ్య మూడిచ్చానని పిల్లల మీద ఒట్టేశాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని యజమాని తేల్చాడు. మస్తాన్‌కు వయసు మీద పడుతోంది, చెవులు మందగించాయి అన్నారు ఆఫీసులో. పెట్టె బాగానే పనిచేస్తోందని వారం లోపల నేను రిపోర్టు రాసిస్తే, మస్తాన్‌ను పనిలోంచి తీసేస్తారు. సంగతి అంతవరకూ వచ్చింది.

మస్తాన్ నా దగ్గరికొచ్చి, “బాబాయ్, నా చెవులు పోయాయని రాస్తావా?” అని అడిగాడు.

“పరీక్ష చేయకుండా ఏమీ రాయను” అన్నాను.

“ఇంట్లో మా ఆవిడ గొణిగేది కూడా వినపడుతుందని రాయి, చాలు” అని నవ్వాడు గాని, టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్ళాడు.

కంపెనీ ఇంజినీరును పిలిపించాను. వాళ్ళ జాబితాలో ‘కాల్ వెళ్ళింది, ఎత్తలేదు’ అని మాత్రమే ఉంది. బెల్లు ఎన్నిసార్లు మోగిందో, ఎప్పుడు మొదలైందో లేదు. లోపల చూపించమంటే అది కంపెనీ రహస్యం అన్నాడు. “మా సిస్టం కరెక్టే మాస్టారూ. ఫోనెత్తి మాట్లాడకుండా రింగులు లెక్కపెట్టుకోవడం ఏంటండీ? ఇంతకీ తమరేం చదువుకున్నారు?” అన్నాడు. ఎనిమిది అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. పద్దెనిమిదేళ్ళు పనిచేసిన మనిషి చెవులను అనుమానించవచ్చు గాని, మూత తీయనివ్వని పెట్టెను అనుమానించకూడదట.

అదే పనికి సిప్ అని ఇంకో పద్ధతి ఉందని నాకు తెలుసు. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. రెండు ఫోనులు ఒకదానితో ఒకటి ఏమేం చెప్పుకోవాలో వరసగా రాసి, ఎవరైనా చదువుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టారు. మా పెట్టె గుట్టు తెలియకపోయినా, ఇలాంటి పెట్టెలు మొత్తం మీద ఎలా నడుస్తాయో దానిలో తెలుస్తుందనుకున్నాను. బోసు రోడ్డులో నెట్ సెంటరుకు వెళ్ళి కావలసిన పేజీలు అచ్చు తీయించుకుని, మూడు రోజులు నిఘంటువుతో కుస్తీ పట్టాను. ఒకచోట ఆగిపోయాను. అవతలి ఫోను తన గంట మోగడం మొదలుపెట్టాక, ‘మోగుతోంది’ అని ఒక కబురు వెనక్కి పంపుతుంది. ఆ కబురు సంఖ్య నూట ఎనభై. అది అందాక, పిలిచినవాడి చెవిలో రింగు చప్పుడు చేసేది వాడి దగ్గరున్న పెట్టే.

అంటే మనం వినే రింగు అవతలి గంట కాదు. మన పెట్టె మనకు వినిపించేది. మా పెట్టె ఆ కబురు రాకముందే చప్పుడు మొదలుపెడుతుంటే? నేను వేగమని మెచ్చుకున్నది అదే అయితే?

మధ్యాహ్నం యజమానిని షెడ్డుకు పిలిచి క్రషర్ ఆపించాను. నాంచారయ్య ఒక చెవికి మొబైలు, ఒక చెవికి పెట్టె ఫోను పెట్టుకుని రేపల్లె నుంచి లెక్క చెప్పాలి. మూడన్నాడు. ఇక్కడా మూడే మోగింది. మళ్ళీ చేశాం, మళ్ళీ మూడే. యజమాని నా వైపు చూసి, “ఇంక రాసెయ్యి” అని వెళ్ళిపోయాడు. మస్తాన్ వెళ్ళి క్రషర్ స్విచ్చి వేసుకున్నాడు.

ఆ సాయంత్రం కాగితాలు మళ్ళీ ముందేసుకున్నప్పుడు తట్టింది. చాలాసేపు పలకని పెట్టె ఎక్కడుందో వెతకడానికే ఆలస్యమవుతుంది. ఒకసారి దొరికాక తర్వాతి కాల్సు త్వరగా వెళతాయి. లారీ కోసం చేసి తప్పిపోయిన కబురు ఆ రోజు మొదటి కాల్. మర్నాడు పొద్దున్న యజమానిని బతిమాలి తీసుకొచ్చాను. ఆ రోజు మొదటి కాల్ అదే. మొబైలు ఆయన చేతికిచ్చాను. నాంచారయ్య ఒకటి అన్నాడు. గోడ మీద గంట కదల్లేదు. రెండు అన్నాడు. కదల్లేదు. మూడు అంటూండగా గంట ఒక్కసారి మోగి ఆగిపోయింది.

యజమాని మొబైలు నాకు తిరిగిచ్చి, మస్తాన్ దగ్గరికి వెళ్ళి, “తప్పు నాది మస్తానూ” అన్నాడు. మస్తాన్, “పెట్టెదండి” అన్నాడు. నేను కూడా అప్పుడే నా సంతకం సంగతి ఒప్పుకోవలసింది. ఆ మాట సాయంత్రం రిపోర్టులో రాశాను.

ఆ చప్పుడు సరిచేయమంటే కంపెనీ కుదరదంది. సిప్ పద్ధతిలో పనిచేసే పెట్టెలు మూడు కొనిపించాను. ఒకటి ఒక కంపెనీది, రెండోది వేరే కంపెనీది, మూడోది బాపట్లలో ఎవరో వాడేసి వదిలేసినది. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడాయి. నూట ఎనభై అందే దాకా చప్పుడు చేయవద్దని సెట్టింగు నేనే పెట్టుకున్నాను. మొదటి రోజు బాపట్ల మాట మాకు వినపడింది, మా మాట వాళ్ళకు వినపడలేదు. రౌటర్లో నేను చేసిన పొరపాటు అది. “మనకు గంట మోగితే చాలుగా బాబాయ్, మాటలెందుకు” అన్నాడు మస్తాన్. దాన్ని సరిచేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. కొత్త పెట్టెల్లో చెవిలో రింగుకూ గోడ మీద గంటకూ తేడా అర రింగుకు మించలేదు. మొదటి లారీతో నేనే నిజాంపట్నం వెళ్ళాను. అంకమ్మ ఐసు గుప్పెడు తీసి చూసి, “ఇవాళ బాగా వినపడినట్టుందే” అంది.

నేను దాచుకున్న ఆ అచ్చు కాగితాల చివర, రాసినవాళ్ళ పేర్లు, చిరునామాలు ఉన్నాయి. వాళ్ళెవరూ తెనాలి పేరు కూడా విని ఉండరు. ఎనిమిదో తరగతి వాడికి కూడా అందేలా, ఏ అనుమతీ అడగకుండా, తమకు తెలిసింది రాసిపెట్టారు. వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను. నూట ఎనభై అన్న చోట నేను గీసిన గీత ఇప్పటికీ చెరగలేదు.

మస్తాన్ వలీ మరో ఆరేళ్ళు పనిచేసి, తన ఇష్టప్రకారం మానుకున్నాడు. ఆ తర్వాత నేను ఏ పరికరానికి సంతకం పెట్టవలసి వచ్చినా, అది ఎంత వేగమని అడగలేదు. పొరపాటు జరిగితే లోపల చూడనిస్తారా అని అడిగాను. చూడనివ్వని పెట్టెలో పొరపాటు జరిగితే, దాని నింద పెట్టె పక్కన నిలబడ్డ మనిషి మీద పడుతుంది.